ముందే తెలియనక్కర్లేదు

సాగర్ రోడ్డు మీద బొంగ్లూరు గేటు దాటి ఇబ్రహీంపట్నం చేరేలోపు అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులే. మంగళ్‌పల్లి, షేరిగూడ, ఖానాపూర్ ఊళ్ల పేర్లు జిల్లా దాటి తెలిశాయంటే ఈ కాలేజీల వల్లే. అదే మండలంలో, ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు, చెప్పేవాళ్లు, ఆ చదువును పనిలో పెట్టేవాళ్లు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు. ఈ ముగ్గురిలోనూ ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. దాన్ని ఖండించడానికే ఈ వ్యాసం.

ఆ అభిప్రాయం ఇది. రాబోయే పనులేవో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందే తెలిస్తేనే వాటిని యంత్రాల మధ్య సరిగా పంచగలం. తెలియనప్పుడు దారులు రెండే. డబ్బుంటే ఇంకో సర్వర్ జోడించాలి, లేదంటే రేపటి లోడును ఊహించి చెప్పే ఏఐని తెచ్చుకోవాలి. మిగతా అల్గారిథమ్ సిద్ధాంతమంతా పరీక్షలో మార్కుల కోసం, ఉద్యోగంలో చేరాక దానితో పనిలేదు. ఈ మాట ప్లేస్‌మెంట్ శిక్షణ తరగతుల్లో చెబుతున్నారు, ప్రాజెక్టు మీటింగుల్లో చెబుతున్నారు, యూట్యూబ్ పాఠాల్లో చెబుతున్నారు. వినీ వినీ పిల్లలు నిజమేననుకుంటున్నారు. నిజానికి ఇందులో ఏ ముక్కా పూర్తిగా నిలబడదు.

మొదట ఇది ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. ఒక పట్టిక ఇస్తారు. మొదటి వరసలో పీ1, పీ2, పీ3, పీ4 అని ప్రాసెస్‌ల పేర్లుంటాయి. రెండో వరసలో అవి వచ్చే సమయం, మూడో వరసలో బర్స్ట్ టైమ్, అంటే ఆ పనికి ప్రాసెసర్ ఎంతసేపు కావాలో ఉంటాయి. ఎఫ్‌సీఎఫ్‌ఎస్, ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్ పద్ధతుల్లో గాంట్ చార్ట్ గీసి సగటు నిరీక్షణ సమయం కట్టమంటారు. విద్యార్థి స్కేలు పెట్టి గళ్లు గీస్తాడు, కింద అంకెలు వేస్తాడు, కూడి నాలుగుతో భాగిస్తాడు. చిన్న పనిని ముందు చేసే ఎస్‌జేఎఫ్‌కే తక్కువ వస్తుంది. మార్కులు పడతాయి.

ఆ మూడో వరసలోని అంకెలు ఎవరు చెప్పారని ఎవరూ అడగరు. నిజమైన కంప్యూటర్‌కు వాటిని చెప్పేవాడు లేడు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఎప్పుడు ముగుస్తుందో, అసలు ముగుస్తుందో లేదో, ప్రతి ప్రోగ్రామ్‌కూ చూసి చెప్పగల సాధారణ పద్ధతి ఉండదని ఆలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. అంటే మనం పిల్లలకు నేర్పుతున్నది జవాబు చేతికిచ్చి ప్రశ్న అడగడం. డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ అల్గారిథమ్స్ కోర్సులోనూ ఇదే తంతు. 'జాబ్ సీక్వెన్సింగ్ విత్ డెడ్‌లైన్స్'లో అన్ని పనులూ, అన్ని గడువులూ, అన్ని లాభాలూ మొదటే కాగితం మీద ఉంటాయి. నాలుగేళ్లు ఇలాంటి లెక్కలే చేసినవాడికి సమాచారమంతా ముందే లేకపోతే చేతులెత్తేయాల్సిందేననిపిస్తే తప్పు అతనిది కాదు.

కానీ ఆ పట్టికలో చిన్నచూపు చూసే రౌండ్ రాబిన్ సంగతి వినండి. ప్రతి పనికీ వంతులవారీగా కాస్త కాస్త సమయం ఇస్తూ పోవడమే ఆ పద్ధతి. దేనికి ఎంత కావాలో దానికి తెలియదు, తెలుసుకోవాలనీ చూడదు. రాజీవ్ మోత్వానీ, స్టీవెన్ ఫిలిప్స్, ఎరిక్ టార్ంగ్ 1990ల మొదట్లో దీని గురించి ఒక సిద్ధాంతం రుజువు చేశారు. పనులన్నీ ఒకేసారి వచ్చి ఒకే యంత్రం ముందు నిలబడితే, అవి ముగిసే సమయాల మొత్తం రౌండ్ రాబిన్‌లో ఎంత వచ్చినా, అన్నీ ముందే తెలిసిన ఎస్‌జేఎఫ్‌కు వచ్చే మొత్తానికి రెండు రెట్లు దాటదు. కాగితం మీద చూసుకోవచ్చు. పది మిల్లీసెకన్ల పనులు నాలుగున్నాయనుకోండి. ఒకదాని తరువాత ఒకటి చేస్తే 10, 20, 30, 40 దగ్గర ముగుస్తాయి, మొత్తం 100. అతి చిన్న వంతులతో చేస్తే నాలుగూ దాదాపు 40 దగ్గరే ముగుస్తాయి, మొత్తం 160. నిష్పత్తి 1.6. పనులు నాలుగు కాక నలభై వేలున్నా ఆ నిష్పత్తి రెండును తాకదు. ఏమీ తెలియకపోవడానికి మనం చెల్లించే ధర అంతే. ఈ ఒక్క వాక్యం ఆ గాంట్ చార్ట్ పక్కన రాసి ఉంటే విద్యార్థి ఆలోచన వేరే దారిలో పోయేది.

ఇలా ఒక్కో పని వచ్చినప్పుడే, తరువాతివి చూడకుండా, మళ్లీ మార్చుకోవడానికి లేకుండా నిర్ణయం తీసుకునే పద్ధతిని ఆన్‌లైన్ అల్గారిథమ్ అంటారు. ఇంటర్నెట్ రాకముందు నుంచీ ఈ సమస్య ఉంది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు తూము దగ్గర నీరటి చేసిందీ ఇదే. మళ్లీ వాన ఎప్పుడో తెలియకుండానే ఈ రోజు ఏ మడికి ఎంత నీరు వదలాలో తేల్చేవాడు. వాన సంగతి తెలిశాకే తూము ఎత్తుతానంటే నాట్లు పడేవి కావు.

ఇక చాలా యంత్రాల సంగతి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన గణితవేత్త రొనాల్డ్ గ్రాహం 1966లో రాసిన పత్రం దీనికి పునాది. ఆయన పరిశీలించిన నియమం ఎవరికైనా తట్టేదే: వచ్చిన పనిని ఆ క్షణాన అన్నిటికన్నా తక్కువ లోడున్న యంత్రానికి ఇవ్వు. ఆయన గొప్పతనం ఆ నియమం ఎంత చెడ్డగా చేసినా ఎక్కడ ఆగుతుందో చెప్పడంలో ఉంది. యంత్రాలు ఎన్ని ఉన్నా, పనులు ఏ వరసలో వచ్చినా, చివరి పని ముగిసే సమయం అన్నీ ముందే తెలిసినవాడు సాధించగల సమయానికి రెండు రెట్లకు లోపే ఉంటుంది. రెండు యంత్రాలైతే ఒకటిన్నర రెట్లు, మూడైతే అయిదు బై మూడు, యంత్రాలు పెరిగే కొద్దీ రెండుకు దగ్గరవుతుంది కానీ చేరదు.

దీని రుజువుకు ఇంటర్ లెక్కలు కూడా అక్కర్లేదు. అన్నిటికన్నా ఆలస్యంగా ముగిసిన పనిని పట్టుకోండి. అది మొదలయ్యే క్షణం వరకూ ఏ యంత్రమూ ఖాళీగా లేదు, ఉంటే ఈ పని అక్కడికే పోయి ఉండేది. అంటే అది మొదలైన సమయం, మొత్తం పనిని యంత్రాలకు సమానంగా పంచితే వచ్చే సగటును మించదు. సర్వజ్ఞుడైనా ఆ సగటుకన్నా ముందు ముగించలేడు. అలాగే ఆ ఒక్క పనికి పట్టే సమయంకన్నా ముందూ ముగించలేడు. మొదలైన సమయం సర్వజ్ఞుడి సమయానికి మించదు, ఆ పని నిడివీ మించదు, రెండూ కలిపితే రెండు రెట్లు. రుజువు అయిపోయింది. 'రేపు తెలియకుండా ఏం చేయగలం?' అన్న ప్రశ్నకు అరవై ఏళ్ల కిందటే వచ్చిన జవాబు ఇది.

దీని చెడ్డ ముఖం కూడా చూపించాలి, లేకపోతే నేనూ ప్రచారం చేసినట్టే అవుతుంది. మూడు యంత్రాలు, గంట పట్టే పనులు ఆరు వచ్చాయి. నియమం ప్రకారం ఒక్కో యంత్రానికి రెండేసి. రెండు గంటల లోడుతో మూడూ సమంగా ఉన్నాయి. అప్పుడు మూడు గంటల పని ఒకటొచ్చింది. ఎక్కడ పెట్టినా అయిదో గంటకు ముగుస్తుంది. ముందే తెలిసినవాడు ఆరు చిన్న పనులనూ రెండు యంత్రాలకు మూడేసి చొప్పున ఇచ్చి, మూడోదాన్ని పెద్ద పని కోసం ఖాళీగా ఉంచి, అంతా మూడో గంటకే ముగించేస్తాడు. అయిదుకు మూడు. సమానంగా పంచాలన్న ఆత్రమే ఇక్కడ దెబ్బతీసింది. కాబట్టి రాబోయే పెద్ద పని కోసం కొంత చోటు అట్టిపెట్టుకునే పద్ధతులు వచ్చాయి. యాయిర్ బార్తాల్, అమోస్ ఫియట్, హోవార్డ్ కార్లోఫ్, రాకేశ్ వోహ్రా 1992లో 1.986 రెట్లకు తెచ్చారు. 1999లో సుసానె ఆల్బర్స్ 1.923కు, 2000లో రుడోల్ఫ్ ఫ్లైషర్, మైకేలా వాల్ 1.9201కు తగ్గించారు. జాన్ రూడిన్ ఇటు నుంచి గోడ కట్టాడు: ఎంతటి తెలివైన నియమమైనా, అందులో యాదృచ్ఛికత లేనంతవరకూ, అన్ని సందర్భాల్లోనూ 1.88కి దిగువకు రావడం అసాధ్యం.

దశాంశాల కోసం ముప్పై నాలుగేళ్ల కష్టమా అని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లకు ఆ గోడ విలువ తెలియదు. ఏమీ ముందే తెలియకుండా ఎంతవరకు పోగలమో ఆ రెండంకెల మధ్య ఇరుకు సందు చెబుతోంది. ఆ పైన ఇంకా బాగు కావాలంటే నియమాన్ని మెరుగులు దిద్దుతూ కూర్చోవడం దండగ, సమాచారమో వేగమో కొనుక్కోవాల్సిందేనని చెబుతోంది. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఇంత ఖచ్చితంగా చెప్పే సలహాదారు ఏ కంపెనీకీ దొరకడు.

అయితే ఇంకో సర్వర్ జోడిస్తే సరిపోదా? ఈ వాదన చాలా మందికి వాదనలా కూడా కనిపించదు, రోజూ చూసే సత్యంలా కనిపిస్తుంది. గ్రాహం అదే 1966 పత్రంలో దీన్నీ పరీక్షించాడు. పనుల మధ్య ముందు వెనుకల షరతులుంటే, అంటే ఒక పని ముగిస్తేనే మరొకటి మొదలయ్యేటట్టుంటే, యంత్రాన్ని జోడించడం వల్ల మొత్తం పని ఆలస్యం కావచ్చు. ఆయన ఇచ్చిన ఉదాహరణ పూర్తిగా ఇస్తాను, పెన్సిల్ తీసుకుని చేసి చూడండి.

పనులు తొమ్మిది. మొదటిదానికి 3 నిమిషాలు, రెండు, మూడు, నాలుగింటికి 2 చొప్పున, అయిదు నుంచి ఎనిమిది వరకు 4 చొప్పున, తొమ్మిదోదానికి 9. ఒకటోది ముగిస్తేనే తొమ్మిదోది మొదలవ్వాలి. నాలుగోది ముగిస్తేనే అయిదు నుంచి ఎనిమిది వరకు మొదలవ్వాలి. ఖాళీ అయిన యంత్రం, జాబితాలో మొదట కనిపించిన సిద్ధంగా ఉన్న పనిని తీసుకుంటుంది. మూడు యంత్రాలున్నప్పుడు మొదట ఒకటి, రెండు, మూడు మొదలవుతాయి. రెండో నిమిషంలో నాలుగోది మొదలవుతుంది. మూడో నిమిషంలో ఒకటోది ముగియగానే, అయిదు మొదలుకొని ఉన్నవి ఇంకా సిద్ధంగా లేవు కాబట్టి, పెద్దదైన తొమ్మిదోది మొదలై పన్నెండో నిమిషానికి ముగుస్తుంది. ఆలోగా మిగతా రెండు యంత్రాలు నాలుగు పనుల్నీ రెండేసి చొప్పున చేసేస్తాయి. అంతా పన్నెండు నిమిషాలకు పూర్తి. ఇప్పుడు నాలుగో యంత్రం తెచ్చి పెట్టండి. నాలుగో పని మొదటే మొదలై రెండో నిమిషానికి ముగుస్తుంది. వెంటనే అయిదు, ఆరు, ఏడు మూడు యంత్రాలను పట్టుకుంటాయి. మూడో నిమిషంలో ఖాళీ అయిన యంత్రాన్ని ఎనిమిది పట్టుకుంటుంది. పెద్దదైన తొమ్మిదోదానికి ఆరో నిమిషం దాకా చోటు లేదు. ఆరు మొదలు తొమ్మిది నిమిషాలు, మొత్తం పదిహేను.

యంత్రం పెరిగింది, పన్నెండు పదిహేనైంది. అంతే కాదు, యంత్రాలు మూడే ఉంచి ప్రతి పనినీ ఒక నిమిషం తగ్గించి చూడండి, పదమూడు వస్తుంది. పనులు తేలికయ్యాయి, ఆలస్యం పెరిగింది. రాత్రి నడిచే బ్యాచ్ ప్రాసెసింగ్‌లో కొత్త మెషీన్లు పెట్టాక రిపోర్టులు ఇంకా ఆలస్యంగా వస్తున్నాయని తల పట్టుకునే ఇంజనీర్ చూడాల్సింది మొదట ఈ తొమ్మిది పనుల్ని. గ్రాహం ఇక్కడా ఒక హద్దు గీశాడు. ఇలాంటి వక్రత ఎంత ముదిరినా దాదాపు రెండు రెట్లు దాటదని లెక్క తేల్చాడు. కంగారుపడే ఇంజనీర్‌కు అది ఎంత ధైర్యమిస్తుందో!

జోడించే వాదంలో ఒక నిజం లేకపోలేదు, అది ఒప్పుకోవాలి. పనులు ఒకేసారి కాక రోజంతా వస్తూ ఉంటే, ఒక్కో పని వచ్చినప్పటి నుంచి ముగిసేదాకా గడిచే సమయాన్ని కొలిస్తే, ఏమీ తెలియని పద్ధతులు సర్వజ్ఞుడితో పోలిస్తే ఎంతైనా వెనకబడవచ్చు. బాల కల్యాణసుందరం, కర్క్ ప్రూస్ 1995లో దీనికి విరుగుడు కనిపెట్టారు. యంత్రం వేగం కొద్దిగా పెంచితే చాలు, ఆ వెనకబాటు ఒక స్థిరమైన రెట్లకు దిగివస్తుంది. తెలియనితనాన్ని వేగంతో పూడ్చుకోవచ్చు. కానీ ఇది యంత్రం వేగం గురించిన మాట, యంత్రాల సంఖ్య గురించిన మాట కాదు. సంఖ్య పెంచితే ఏమవుతుందో పైన తొమ్మిది పనుల్లోనే చూశాం. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి 'కెపాసిటీ పెంచండి' అనేయడం బాధ్యతలేని మాట.

ఇక పరిశ్రమకు సిద్ధాంతం పట్టదన్న మాట. ఇది చెప్పేవాళ్లు తమ చేతికింద నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఏముందో చూడలేదు. గూగుల్ తన డేటా సెంటర్లలో వేల యంత్రాలకు పనులు పంచే బోర్గ్ వ్యవస్థ గురించి 2015లో పత్రం ప్రచురించింది. తొలిరోజుల్లో ఏ యంత్రానికి ఏ పని ఇవ్వాలో తేల్చడానికి బోర్గ్ వాడింది ఈ-పీవీఎం అనే పద్ధతికి ఒక రూపాంతరమని అందులో రాశారు. ఆ పద్ధతి పుట్టింది నేరుగా ఆన్‌లైన్ అల్గారిథమ్ సిద్ధాంతంలోంచి. యంత్రం నిండే కొద్దీ దాని మీద మరో పని వేయడానికి అయ్యే 'ధర' విపరీతంగా పెరిగేటట్టు లెక్క కట్టి, ఎక్కడ ధర తక్కువ పెరుగుతుందో అక్కడ పని పెట్టడం దాని సారం. లోడు అకస్మాత్తుగా పెరిగితే తట్టుకునే వెసులుబాటు అన్ని యంత్రాల్లోనూ మిగులుతుంది, కానీ పెద్ద పనికి ఒకే చోట ఖాళీ దొరకదు అని కూడా వాళ్లు రాశారు. మన మూడు గంటల పని కథే మళ్లీ. ఈ రోజు మన పిల్లలు సర్టిఫికెట్ కోసం నేర్చుకునే కుబర్నెటిస్ కూడా వచ్చిన ఒక్కో పనికి తగిన యంత్రాల్ని వడగట్టి, మార్కులు వేసి, ఎక్కువ మార్కులొచ్చినదానికి ఇస్తుంది. రేపు ఏం వస్తుందో అది చూడదు. 'అదంతా క్లౌడ్ చూసుకుంటుంది' అంటారు. క్లౌడ్ చూసుకునేది ఇలాగే.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టమైనది. సర్వర్లు వందల్లో ఉన్నప్పుడు ప్రతి పనికీ అన్నిటి లోడూ అడగడం ఖర్చు. పైగా ప్రమాదం కూడా. లోడు వివరాలు కొన్ని సెకన్లు పాతవైతే, పంచేవాళ్లందరూ 'ఇది ఖాళీగా ఉంది' అని ఒకే సర్వర్ మీద విరుచుకుపడతారు. యోసి అజార్, ఆండ్రే బ్రోడర్, అనా కార్లిన్, ఎలీ ఉప్ఫాల్ 1994లో చూపిన దారి వేరు. యాదృచ్ఛికంగా రెండు సర్వర్లను ఎంచుకో, ఆ రెండింట్లో తక్కువ లోడున్నదానికి పని ఇవ్వు. అంతే. తరువాత మైకేల్ మిట్జెన్‌మాకర్ దీన్ని క్యూలకు అన్వయించాడు. చాలా సర్వర్లు తమ సామర్థ్యంలో 99 శాతం నిండి నడుస్తున్నాయనుకోండి. పనిని ఏదో ఒక సర్వర్‌కు గుడ్డిగా పంపితే క్యూ సిద్ధాంతపు లెక్క ప్రకారం ఒక పని సగటున తన నిడివికి వంద రెట్ల సమయం అక్కడ గడుపుతుంది. రెండిట్లో ఒకటి ఎంచుకుంటే అది సుమారు అయిదున్నర రెట్లు. వంద నుంచి అయిదున్నరకు! కొత్త యంత్రం లేదు, ఏ ఊహా లేదు, అదనంగా ఇంకో సర్వర్‌ను ఒక్క ప్రశ్న అడిగామంతే. ఇంజిన్‌ఎక్స్ 2018లో ఈ పద్ధతిని తన లోడ్ బ్యాలెన్సర్‌లో ఒక చిన్న సెట్టింగుగా చేర్చింది. ఆ సెట్టింగు మార్చడం ఎవరికైనా వస్తుంది. ఎందుకు మార్చాలో, ఎప్పుడు మార్చకూడదో చెప్పగలవాడే ఇంజనీర్.

ఇప్పుడు ఏఐ దగ్గరకొద్దాం. ఊహించడం తప్పని నేననడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకంలోనే గత బర్స్ట్‌ల సగటుతో తరువాతిది ఊహించే సూత్రం ఉంది. తప్పు ఎక్కడంటే, ఊహ తప్పితే ఏమవుతుందో చెప్పకుండా దాన్ని అమ్మడంలో. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు కోవిడ్ టీకా పోర్టల్ కోవిన్‌లో నమోదు తెరిచినప్పుడు ఏం జరిగిందో మనందరికీ గుర్తే. ఆ రోజే కోటి మందికి పైగా నమోదయ్యారు, ఆ తొలి నిమిషాల్లో ఓటీపీ రాక, పేజీ తెరుచుకోక జనం అల్లాడారు. అంతకుముందు అలాంటి సాయంత్రం దేశంలో రాలేదు. లేని గతం నుంచి ఏ మోడల్ నేర్చుకుంటుంది? ఫలితాల రోజు, తత్కాల్ తెరిచే నిమిషం, కౌన్సెలింగ్ ఆఖరి గంట, వ్యవస్థ నిజంగా అక్కరకు రావలసిన సమయాలన్నీ మామూలు రోజులకు భిన్నంగానే ఉంటాయి.

సిద్ధాంతం ఊహించే 'ప్రత్యర్థి', అంటే మనల్ని దెబ్బతీయడానికే పనుల వరసను అమర్చే శత్రువు, లోకంలో ఉండడని ఆక్షేపించేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. శత్రువు ఉండనక్కర్లేదు. లక్షల మంది ఒకే క్షణాన ఒకే బటన్ నొక్కితే, వాళ్లలో ఎవరికీ చెడు ఉద్దేశం లేకపోయినా, సర్వర్‌కు ఆ నిమిషం శత్రువు అమర్చినట్టే ఉంటుంది. సగటు రోజు మీద కట్టిన లెక్క సగటు రోజునే కాపాడుతుంది.

ఊహనూ హామీనీ కలిపే దారి కూడా ఉంది, అది వచ్చిందీ ఈ సిద్ధాంతకారుల నుంచే. 2018లో మనీష్ పురోహిత్, జోయా స్విట్కినా, రవి కుమార్ ఒక పత్రంలో పనుల నిడివిని ఊహించే మోడల్‌ను రౌండ్ రాబిన్‌తో కలిపి నడిపారు. ప్రాసెసర్ సమయంలో కొంత ఊహ చెప్పినట్టు, కొంత వంతులవారీగా. ఊహ సరైతే లాభం దక్కుతుంది. ఊహ పూర్తిగా తప్పినా నష్టం ఒక హద్దు దాటదు, ఆ హద్దు ఎంతో ముందే లెక్కకట్టి చెప్పవచ్చు. ఊహకు ఎంత వాటా ఇవ్వాలో మనమే నిర్ణయించుకోవచ్చు. చూడండి, ఏఐని నమ్మదగినదిగా చేసింది ఏది? గాంట్ చార్ట్ గళ్లలో పిల్లలు చిన్నచూపు చూసే ఆ రౌండ్ రాబినే.

ఇదంతా సర్వర్ల గొడవ, మనుషులకేమిటి అనుకోవద్దు. ఆర్డర్ ఏ డెలివరీ కుర్రాడికి, రైడ్ ఏ క్యాబ్ డ్రైవర్‌కు పోవాలో తేల్చేదీ ఇలాంటి నియమమే. అక్కడ యంత్రం స్థానంలో మనిషి ఉన్నాడు. వాళ్లకు కంపెనీలు చెప్పే మాట ఒకటే: అల్గారిథమ్ చాలా సంక్లిష్టం, ఎన్నో అంచనాలు వేస్తుంది, బయటపెట్టలేం. పని పంచడానికి భవిష్యత్తు తెలియాలి, అది మా మోడల్‌కే తెలుసు అన్న అభిప్రాయం సమాజంలో నాటుకుపోయినంత కాలం ఈ సాకు చెల్లుతుంది. ఈ వ్యాసంలో చెప్పిన నియమాలన్నీ ఒక్కో వాక్యంలో చెప్పగలిగినవి, హామీతో సహా. కాబట్టి సంక్లిష్టత సాకుతో దాచడానికి వీల్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయానికి పెట్టిన గిగ్ కార్మికుల ముసాయిదా బిల్లు ఆటోమేటిక్ నిర్ణయాల పారదర్శకత గురించి మాట్లాడింది. ఆ మాటకు ప్రాణం రావాలంటే ఏ నియమం ఎవరి ఎదురుచూపును తగ్గిస్తోందో, ఎవరి ఎదురుచూపును పెంచుతోందో అడగగల ఇంజనీర్లు కావాలి. చివరి పని ఎప్పుడు ముగిసిందన్నది కంపెనీ కొలత. ఒక డ్రైవర్ రెండు గంటలు ఖాళీగా కూర్చున్నాడన్నది ఇంకో కొలత. ఏ కొలత ఎంచుకోవాలన్నది గణితం తేల్చదు, మనం తేల్చాలి. కానీ కొలత ఎంచుకున్నాక హామీ ఎంతో గణితం చెబుతుంది.

హోరోవిట్జ్, సాహ్నీల అల్గారిథమ్స్ పుస్తకం మన కాలేజీల్లో దశాబ్దాలుగా నడుస్తోంది. గ్రాహం సిద్ధాంతాల జాడ దాని చివరి అధ్యాయాల్లో ఉంది. సెమిస్టర్ అక్కడిదాకా పోదు, ఎన్‌పీ-కంప్లీట్ దగ్గరే ఆగిపోతుంది. సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు. ఒక్క పీరియడ్ చాలు. రెండు రెట్ల రుజువు పావుగంట, తొమ్మిది పనుల ఉదాహరణ పావుగంట, రెండు సర్వర్లను అడిగే పద్ధతిని ల్యాబ్‌లో ఇరవై లైన్ల ప్రోగ్రామ్‌తో చూపడానికి మిగతా సమయం. మంగళ్‌పల్లి నుంచి ఖానాపూర్ దాకా ఏ కాలేజీలోనైనా, ఏ లెక్చరర్ అయినా రేపే చేయగల పని ఇది.

ప్రభుత్వ పోర్టళ్లు కట్టించేవాళ్లను కూడా ఒకటి అడుగుతున్నాను. లోడును ముందే ఊహిస్తామని వచ్చే ప్రతి సంస్థ చేతా టెండరులో ఒక అంకె రాయించండి: మా ఊహ పూర్తిగా తప్పిన రోజున, అన్నీ తెలిసినవాడితో పోలిస్తే పౌరుడు ఎన్ని రెట్లు ఎక్కువసేపు ఎదురుచూస్తాడు? రెండు అని రాస్తారో, మూడు అని రాస్తారో రాయనివ్వండి. ఆ గడి ఖాళీగా వదిలిన టెండరును తెరిచిన రోజే పక్కన పెట్టేయాలి.